గబ్బిలాన్ని కదపొద్దు, దుమ్ము లేపొద్దు: పల్నాడు ప్రణాళిక

మేం పల్నాడు వాళ్లం. మాలో మిరప, పత్తి వేసే రైతులున్నారు. పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో, దాచేపల్లి, మాచర్ల వైపు క్వారీల్లో ఒళ్లు అరగదీసుకునే కూలీలున్నారు. ఆశా కార్యకర్తలు, బడిపంతుళ్లు, ఒకరిద్దరు పూజారులు, ఇద్దరు ముగ్గురు డాక్టర్లు ఉన్నారు. గబ్బిలం పేరు చెప్పి ఉద్యమం పెడుతున్నారంటే నవ్వేవాళ్లు నవ్వుతారు. కోడిపోరు దగ్గర మొదలై కారంపూడి రణం దాకా పోయిన నేల మాది. గబ్బిలం కోసం ఒక సంఘం కట్టుకుంటే వింత ఏముంది?

చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాం. గబ్బిలాలుండే చోట మనిషికి అంటుకునే బూజు జబ్బు ఒకటుంది. అది గబ్బిలం మన ఇంటికి వచ్చినందువల్ల వచ్చేది కాదు, మనం దాని ఇంట్లో దుమ్ము లేపినందువల్ల వచ్చేది. గబ్బిలాలే లేకుండా పోతే వచ్చే కీడు ఇంకొకటుంది, అది పురుగుమందు డబ్బా దారిలో వస్తుంది. రెండింటికీ మందు ఒకటే. గబ్బిలం ఉన్నచోట దాన్ని ఉండనివ్వాలి. అక్కడికి పోక తప్పకపోతే దుమ్ము లేవకుండా మెలగాలి. కరోనా తర్వాత గబ్బిలం అనగానే కర్ర తీసే వాళ్లకూ, జీవకారుణ్యం పేరుతో ఏ ప్రమాదమూ లేదని కొట్టిపారేసే వాళ్లకూ ఈ మాట రుచించదు. ఇద్దరికీ మేం ఎదురే.

దూరదేశపు చావులు

2006 ఫిబ్రవరిలో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, హోవ్స్ గుహలో తిరుగుతున్న ఒకాయన శీతాకాలపు నిద్రలో వేలాడుతున్న గబ్బిలాలను ఫొటో తీశాడు. వాటి మూతుల మీద పిండి అద్దినట్టు తెల్లటి బూజు ఉంది. మరుసటి చలికాలానికి ఆ చుట్టుపక్కల గుహల్లో చచ్చిన గబ్బిలాలు కుప్పలుగా కనపడ్డాయి. పురుగన్నది ఎగరని మంచు రోజుల్లో, పట్టపగలు, గబ్బిలాలు బయటికొచ్చి తిరగడం మొదలుపెట్టాయి. దానికి అక్కడివాళ్లు వైట్ నోస్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. మనం తెల్లముక్కు జబ్బు అనుకుందాం. కారణమైన ఫంగస్‌కు 2009లో ఒక పేరు పెట్టి, 2013లో దాన్ని మార్చి సూడోజిమ్నోయాస్కస్ డిస్ట్రక్టాన్స్ అన్నారు. పేరుకు నోరు తిరగదు గానీ అది చేసే పని తేలిగ్గానే అర్థమవుతుంది. చలికాలమంతా అక్కడి గబ్బిలం ఒంట్లో వేడి తగ్గించుకుని, కూడబెట్టుకున్న కొవ్వు మీద బతుకుతుంది. ఆ చల్లబడిన ఒంటి మీద, రెక్కల తోలులో ఈ బూజు వేళ్లు దించుతుంది. గబ్బిలం మాటిమాటికీ నిద్ర లేస్తుంది. లేచిన ప్రతిసారీ కొవ్వు కరుగుతుంది. ఎండాకాలం రాకముందే నిల్వ అయిపోయి ఆకలితో చస్తుంది.

2012 నాటికి 57 లక్షల నుంచి 67 లక్షల దాకా గబ్బిలాలు చచ్చి ఉంటాయని అమెరికా వన్యప్రాణి శాఖ అంచనా. తూర్పున పుట్టిన జబ్బు 2016కల్లా పడమటి తీరంలోని వాషింగ్టన్ రాష్ట్రంలో తేలింది. మూడు జాతుల్లో నూటికి తొంభైకి పైగా తుడిచిపెట్టుకుపోయాయి. గబ్బిలం కుక్కలాగా ఈతకు ఆరు పిల్లలను పెట్టేది కాదు. ఎక్కువ జాతులకు ఏడాదికి ఒక్క పిల్లే. పోయిన మంద మళ్లీ నిండాలంటే మనవల కాలం పడుతుంది. ఇదే ఫంగస్ ఐరోపా, చైనా గబ్బిలాల మీదా ఉంది, కానీ అవి దానితో కాపురం చేయడం నేర్చుకున్నాయి. అమెరికాకు అది ఐరోపా నుంచి మనిషి బూటు మీదో సామాను మీదో ఎక్కి వచ్చిందని శాస్త్రజ్ఞుల్లో చాలామంది నమ్మకం.

ఆ జబ్బు మనిషికి రాదు. పల్నాడు గబ్బిలానికీ వచ్చే దారి లేదు. ఆ బూజు చలి జీవి, 20 డిగ్రీలు దాటితే పెరగలేదు. ఎండాకాలం వస్తే రాష్ట్రమంతా రెంటచింతల వైపు చూసి నిట్టూర్చే ఊళ్లు మావి. మా గబ్బిలం చలికాలమంతా నిద్రపోయే రకమూ కాదు. ఈ విషయంలో మా ఎండే మాకు కాపలా. హిమాలయాల చల్లటి గుహలకు ఆ ధీమా లేదు. అందుకే అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఒక మాట: అక్కడి గుహలు చూసిన బూట్లనూ, బట్టలనూ, సంచులనూ ఇండియాకు తెచ్చి ఇక్కడ ఏ గుహలోకీ తొడుక్కుని పోవద్దు. సెలవులకు వచ్చి బొర్రా, బెలూం గుహలు చూడాలనుకుంటే చెప్పులు ఇక్కడే కొనుక్కోండి.

మరి మనకు రాని జబ్బు గురించి ఇంత చెప్పడం ఎందుకు? గబ్బిలాలు పోయాక అక్కడి మనుషులకు ఏమయిందో లెక్క తీసిన ఒకాయన ఉన్నాడు కాబట్టి. షికాగో విశ్వవిద్యాలయంలో ఆర్థికవేత్త ఇయాల్ ఫ్రాంక్ 2024 సెప్టెంబరులో సైన్స్ పత్రికలో తన పరిశోధన వేశాడు. గబ్బిలాలు చచ్చిన కౌంటీల్లో రైతులు పురుగుమందు వాడకం సగటున 31 శాతం పెంచారు. పంట మీద వచ్చే రాబడి దాదాపు 29 శాతం పడిపోయింది. అవే కౌంటీల్లో, ప్రమాదాలను మినహాయిస్తే, ఏడాదిలోపు పసిపిల్లల మరణాలు 7.9 శాతం పెరిగాయి. 2006 నుంచి 2017 దాకా అదనంగా చనిపోయిన పసిపిల్లలు 1,334 మంది అని ఆయన లెక్క. ఇది అంకెలను అంకెలతో పోల్చి కట్టిన అంచనా, ఏ బిడ్డ రక్తంలోనూ మందు కొలిచి చెప్పింది కాదు. ఆ మాట దాచిపెట్టి జనాన్ని భయపెట్టే పని మేం చేయం. అయినా జబ్బు చేరిన ఊళ్లకూ చేరని ఊళ్లకూ తేడా అంత స్పష్టంగా కనపడుతుంటే, పురుగుమందు మధ్యలోనే పుట్టి పెరుగుతున్న మేం పట్టనట్టు ఉండలేం.

మన చేలల్లో

పల్నాడు రైతుకు పురుగుమందు చరిత్ర పుస్తకం చూసి చెప్పక్కర్లేదు. 1987-88లో తెల్లదోమ గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని ఊడ్చేసింది. మందు మీద మందు కొట్టి, అప్పు మీద అప్పు చేసి, ఆఖరికి ఆ మందే తాగిన రైతుల కథ అప్పుడే మొదలైంది. తర్వాత శనగపచ్చ పురుగు, లద్దెపురుగు, బీటీ వచ్చాక కొన్నాళ్లు ఊపిరి, ఆ పైన గులాబీ రంగు పురుగు. 2021లో మిరప మీద నల్ల తామర పురుగు పడి పూత రాల్చేసింది.

ఇక్కడ మాట తూచి చెప్పాలి. తెల్లదోమనూ తామర పురుగునూ గబ్బిలం తినిపెడుతుందని మేం చెప్పం. అవి దాని నోటికి ఆనవు. రాత్రిపూట ఎగిరే రెక్కల పురుగులు దాని తిండి. శనగపచ్చ పురుగుకూ లద్దెపురుగుకూ తల్లులు ఆ రెక్కల పురుగులే. ఒక తల్లి పురుగు గుడ్లు పెట్టకముందే గబ్బిలం నోట్లో పడితే చేలో వందల పురుగులు పుట్టకుండానే ఆగిపోయినట్టు. టెక్సస్‌లో ఎనిమిది కౌంటీల పత్తి చేల మీద తోక గబ్బిలాలు ఏడాదికి ఎంత మేలు చేస్తున్నాయో 2006లో లెక్కేస్తే సుమారు 7,41,000 డాలర్లని తేలింది. అక్కడ అవి తిన్నది మన శనగపచ్చ పురుగుకు తోబుట్టువు లాంటి కాయతొలిచే పురుగునే. 2011లో అమెరికా మొత్తానికి వేసిన అంచనా ఏడాదికి 370 కోట్ల డాలర్ల దగ్గర మొదలవుతుంది. ఈ డబ్బు ఏ రైతూ గబ్బిలానికి చెల్లించలేదు. గబ్బిలం పోతే మాత్రం దుకాణదారుకు చెల్లిస్తాడు.

పండ్లు తినే పెద్ద గబ్బిలాల సంగతి వేరు. జామతోట వాడికి వాటి మీద కోపం ఉంటుంది, అది న్యాయమైన కోపమే, వలలకు ప్రభుత్వం సాయం చేయాలి. కానీ ఇప్ప, వేప, మర్రి విత్తనాలను కొండల మీదికి చేర్చేదీ అవే. నల్లమల అంచున బతికేవాళ్లకు అది చిన్న విషయం కాదు.

పెంట మట్టిలో బూజు

ఇక మనిషికి నిజంగా వచ్చే జబ్బు. దాని పేరు హిస్టోప్లాస్మోసిస్. హిస్టోప్లాస్మా అనే ఫంగస్ గబ్బిలాల పెంట, పక్షుల పెంట కలిసి నానిన మట్టిలో బాగా పెరుగుతుంది. పక్షికి ఒంటి వేడి ఎక్కువ కాబట్టి దానికి ఈ జబ్బు పట్టదు, గబ్బిలానికి పట్టవచ్చు, అది ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోయనూవచ్చు. మట్టి కదిలినప్పుడు కంటికి కనపడని విత్తులు గాల్లో లేస్తాయి. పీల్చినవాడి ఊపిరితిత్తుల్లోకి పోయి, ఒంటి వేడికి రూపం మార్చుకుని, ఈస్ట్ లాగా కణాల్లో కూచుంటాయి. మనిషి నుంచి మనిషికి అంటదు. పీల్చిన వాళ్లలో ఎక్కువమందికి ఏమీ కాదు, కొందరికి రెండు వారాల్లో జ్వరం, పొడి దగ్గు, ఛాతీ నొప్పి వచ్చి వాటంతట అవే పోతాయి. ఎక్కువ దుమ్ము పీల్చినవాళ్లకు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు, స్టిరాయిడ్ మందులు వాడేవాళ్లకు, ముసలివాళ్లకు అది ఒళ్లంతా పాకవచ్చు. కాలేయం, ప్లీహం వాస్తాయి, నోట్లో మానని పుండ్లు పడతాయి, మనిషి కళ్ల ముందే కరిగిపోతాడు. మన దేశపు రోగుల్లో మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు వాయడం తరచుగా కనపడుతుంది.

దీన్ని మొదట చూసింది పనామా కాలువ తవ్వేచోట, శామ్యూల్ డార్లింగ్ అనే డాక్టరు, 1905లో. క్షయతో చనిపోయాడనుకున్న కూలీ శవాన్ని కోసి చూస్తే క్షయ కాదు. మన దేశంలో 1954లో కలకత్తా నుంచి మొదటి కేసు వచ్చింది, 1975లో అక్కడి మట్టిలోనే ఆ ఫంగస్ దొరికింది. గంగా మైదానపు జబ్బు కదా, మనకెందుకు అనుకునే వాళ్లకు ఒక మాట: ఇది మామూలుగా ఉండదనుకున్న ప్రాంతం నుంచి వచ్చి, రోగనిరోధక శక్తి బాగానే ఉన్న ఒక రోగిలో ఒళ్లంతా పాకిన ఈ జబ్బును హైదరాబాద్ నిమ్స్ వైద్యులు 2013లో వైద్య పత్రికకు రాశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 అక్టోబరులో మొదటిసారిగా ప్రమాదకరమైన 19 ఫంగస్‌ల జాబితా వేసింది. అందులో రెండో వరుసలో, అంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సిన వాటిలో, హిస్టోప్లాస్మా ఉంది.

పెంటను ఎరువుగా వాడే వాళ్లకు ఒక కబురు. న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో ఇద్దరు పెద్దవాళ్లు ఇంట్లో పెంచుకునే గంజాయి మొక్కలకు గబ్బిలాల పెంట ఎరువు వేయబోయి ఈ జబ్బు తెచ్చుకుని చనిపోయారు. డాక్టర్లు 2024 డిసెంబరులో ఆ వివరాలు ప్రచురించారు. గంజాయి సంగతి వదిలేయండి, పెంట సంగతి చూడండి. పాత బురుజుల కింద, బావుల్లో, గుహల్లో పేరుకున్న పెంటను బస్తాలకెత్తి మడికో తోటకో తోలడం మన దగ్గర కొత్త కాదు. మంచి ఎరువే, కాదనం. పొడిగా ఉన్నదాన్ని మూతికి గుడ్డ కూడా లేకుండా పారతో ఎత్తడమే తప్పు.

క్షయ అనుకునే జబ్బు

ఈ ప్రణాళికలో మాకు అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇది. పల్నాట్లో దగ్గు, జ్వరం, బరువు తగ్గడం అనగానే అందరి నోటా వచ్చే మాట టీబీ. చాలాసార్లు అది నిజం కూడా. సున్నపు దుమ్ము, రాతిపొడి పీల్చే చోట ఊపిరితిత్తులు ముందే చెడి ఉంటాయి, క్షయ తేలిగ్గా పట్టుకుంటుంది. అయితే ఎక్స్‌రే ఫిల్మ్‌లో హిస్టోప్లాస్మోసిస్‌కూ క్షయకూ తేడా పట్టడం గొప్ప డాక్టర్లకే కష్టం. తెమడలో క్రిమి దొరకదు, ట్రూనాట్ పరీక్షలో రాదు, అయినా లక్షణాలు చూసి క్షయ మందు మొదలుపెడతారు. పద్ధతి ప్రకారం అది తప్పు కాదు. తప్పు ఎక్కడంటే, రెండు నెలలు మందు మింగినా మనిషి తేరుకోకపోతే ఇంకో ప్రశ్న అడగకపోవడంలో. క్షయ మందు ఈ ఫంగస్‌ను ముట్టదు. పైగా క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్, ఈ ఫంగస్‌కు ఇచ్చే ఇట్రాకొనజోల్‌ను ఒంట్లో నిలవనివ్వదు. కాబట్టి రెండూ గుడ్డిగా కలిపి ఇచ్చినా లాభం లేదు.

అడగాల్సిన ప్రశ్నకు ఖర్చు లేదు. గుహలోకి పోయావా, పాత గుడి గోపురం ఎక్కావా, పాడుబడ్డ ఇల్లు పడగొట్టావా, గబ్బిలాల పెంట ఎత్తావా, కోళ్లఫారం ఊడ్చావా? ఈ మాటలు ఓపీ చీటీ మీద ఉండాలి. మా ఆశా అక్కలు ఇంటింటికీ తిరిగి దగ్గు రోగులను రాసుకునే పుస్తకంలోనూ ఉండాలి. అవునని చెప్పి, మందుకు తగ్గని రోగిని గుంటూరు ప్రభుత్వ ఆస్పత్రికి పంపి, ముక్క పరీక్షో ఎముక మజ్జ పరీక్షో చేయించి, ఫంగస్ రంగుల కింద చూడమని అడగాలి. కల్చర్‌లో పెరగడానికి వారాలు పడుతుంది, అందుకే ముందే పంపాలి. అక్కడ తేలకపోతే చండీగఢ్ పీజీఐలో దేశానికే పెద్ద ఫంగస్ విభాగం ఉంది. మందులున్నాయి. ముదిరిన జబ్బుకు యాంఫోటెరిసిన్, ఆ తర్వాత నెలల తరబడి ఇట్రాకొనజోల్. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు ఆ యాంఫోటెరిసిన్ ఇంజెక్షన్ కోసం జనం ఎలా తిరిగారో ఎవరూ మర్చిపోలేదు. అప్పుడు ప్రభుత్వం ఆ జబ్బును ఆరోగ్యశ్రీలో చేర్చింది. ఫంగస్ జబ్బు పేదవాడి జేబుకు అందనిదని సర్కారు ఒకసారి ఒప్పుకున్నట్టే కదా, ఆ దారి ఈ జబ్బుకూ తెరవాలి.

ఒక హెచ్చరిక. ఈ కాగితం చదివి ఎవరూ తమంతట తాము క్షయ మందు ఆపకూడదు. ఆపితే జరిగే నష్టం ఈ ఫంగస్ చేసే నష్టం కన్నా పెద్దది.

ఇంకో ముడి ఉంది. మిరపకు కాయకుళ్లు, బూడిద తెగులు రాగానే మనం కొట్టే టెబుకొనజోల్, హెక్సాకొనజోల్, డైఫెనోకొనజోల్ మందులూ, ఆస్పత్రిలో ఇచ్చే ఇట్రాకొనజోలూ ఒకే కుటుంబం. ఆస్పర్‌జిల్లస్ అనే ఇంకో ఫంగస్ పొలాల మట్టిలోనే ఈ కుటుంబానికి లొంగకుండా తయారై, ఆస్పత్రిలో మందుకు కూడా లొంగకుండా పోయిన సంగతి మొదట నెదర్లాండ్స్‌లో, తర్వాత మన దేశంలోనూ బయటపడింది. తెగులు మందు అవసరమున్నప్పుడు కొట్టాలి. తెగులు రాకముందే, దుకాణంలో ఇచ్చాడు కదా అని నాలుగు డబ్బాలు కలిపి కొట్టే అలవాటు మానాలి.

ఊడ్చేది ఎవరు

జాషువా పుట్టింది 1895లో, మా వినుకొండలో. ఆయన గబ్బిలం కావ్యం 1941లో వచ్చింది. గుడిలోకి రానివ్వని ఒక పేదవాడు, ఏ అడ్డూ లేకుండా గుడిలో వేలాడే గబ్బిలాన్ని పిలిచి, కాశీ శివుడికి తన మొర చెప్పమంటాడు. పల్నాటి పిల్లలు బడిలో చదువుకునే కథే. మాకు అందులో ఈ రోజుకూ పనికొచ్చే సంగతి ఒకటి కనపడుతుంది. గోపురానికి కుంభాభిషేకం అనగానే లోపలి పెంట ఎత్తడానికి, కోట బురుజు బాగు చేయాలనగానే దుమ్ము దులపడానికి, పాత బావి పూడిక తీయడానికి దిగేది ఎవరు? ఆనాడు గుడి గడప తొక్కనివ్వని వాళ్ల మనవలే. గబ్బిలం పక్కన నిలబడి దుమ్ము పీల్చేది వాళ్లు. దగ్గు వస్తే సొంత డబ్బుతో ఆర్‌ఎంపీ దగ్గరికి పోయేది వాళ్లు. అందుకని ఈ ఉద్యమం వన్యప్రాణి ఉద్యమం ఎంతో కూలీల ఉద్యమం అంతే.

మా మొదటి డిమాండు వాళ్ల తరఫునే. దేవాదాయ శాఖ, పురావస్తు శాఖ, పంచాయతీ, ఎవరు ఆ పని చేయించినా, పెంటను ముందు నీళ్లతో బాగా తడపాలి. పొడి చీపురు పట్టించకూడదు. ఎన్-95 మాస్కు, చేతి తొడుగులు, పని అయ్యాక మార్చుకోవడానికి బట్టలు ఇవ్వాలి. పని చేసిన వాళ్ల పేర్లు రాసిపెట్టి మూడు వారాల పాటు జ్వరం, దగ్గు కనుక్కోవాలి. టెండరులో ఈ ఖర్చు చూపించని బిల్లు పాస్ చేయకూడదు. గబ్బిలాలకు పిల్లలున్న కాలంలో ఏ కంతా మూయకూడదు. మూస్తే లోపల పిల్లలు చచ్చి కుళ్లుతాయి, తల్లులు పక్కింటి అటకెక్కుతాయి. కొండవీడు కోట బురుజైనా, ఊరి చివర పాడుబడ్డ సత్రమైనా ఇదే నియమం.

క్వారీల వాళ్లతోనూ పేచీ ఉంది. కర్ణాటకలో, తెలుగువాళ్లు బాగా ఉన్న కోలారు జిల్లాలో, హనుమనహళ్లి గుహలో ఒక రకం గబ్బిలం ఉంది. కోలారు ఆకుముక్కు గబ్బిలం అంటారు. ప్రపంచం మొత్తంలో ఆ ఒక్క గుహలోనే మిగిలింది. చుట్టూ గ్రానైట్ తవ్వకాలు దాన్ని ఆ అంచుకు నెట్టాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన భార్గవి శ్రీనివాసులు, చెల్మల శ్రీనివాసులు దాని కోసం ఏళ్లుగా పనిచేస్తున్నారు. మా నేల కింద ఉన్నది సున్నపురాయి. సున్నపురాయి ఉన్నచోట నీళ్లు తొలిచిన సొరంగాలుంటాయి, సొరంగమున్నచోట గబ్బిలం ఉంటుంది. లీజు ఇచ్చేముందు, మందుగుండు పేల్చేముందు, ఆ రాతిలో గుహలున్నాయా, గబ్బిలాలున్నాయా అని చూసి కాగితం మీద రాయాలి. ఉంటే ఆ చుట్టూ కొంత మేర వదలాలి. మాచర్లలోనో పిడుగురాళ్లలోనో ప్రపంచంలోనే ఆఖరిదైన ఇంకో గుహను పేల్చేశాక అందులోని గబ్బిలం పేరు తెలుసుకోవడం మాకు ఇష్టం లేదు.

చట్టం ఇన్నాళ్లూ మా వైపు లేదు. 1972 వన్యప్రాణి చట్టంలో పండ్లు తినే గబ్బిలాలను, ఒకటి రెండు జాతులు తప్ప, ఎలుకలతో పాటు చీడ జంతువుల జాబితాలో పెట్టారు. 2022 సవరణలో ఆ జాబితా షెడ్యూలే లేకుండా పోయింది. ఉబ్బసానికి మందని గబ్బిలాన్ని కొట్టి తినేవాళ్లకు ఈ సంగతి ఇంకా చేరలేదు. చేర్చే పని మాది. ఉబ్బసానికి ఇన్‌హేలరు ప్రభుత్వ ఆస్పత్రిలో ఎప్పుడూ ఉండేలా చూడడం కూడా అదే పనిలో భాగం, లేకపోతే మా మాట ఎవడు వింటాడు?

మేం చేయనివి

గబ్బిలం వల్ల ఏ జబ్బూ రాదని చెప్పం. 2018లో కేరళలో నిపా వైరస్ 17 మందిని బలి తీసుకుంది, దాన్ని మోసేది పండ్లు తినే పెద్ద గబ్బిలమే. బంగ్లాదేశ్‌లో గబ్బిలం నోరు పెట్టిన పచ్చి ఖర్జూర రసం తాగి ఏటా జనానికి వస్తోంది. గబ్బిలం కొరికిన పండు తినొద్దు, చెట్టుకు కట్టిన కల్లు ముంతకూ నీరా ముంతకూ కప్పు పెట్టండి, కిందపడ్డ గబ్బిలాన్ని వట్టి చేత్తో ఎత్తొద్దు, కరిస్తే సబ్బు నీళ్లతో కడిగి వెంటనే ఆస్పత్రికి పోండి. ఈ మాటలు మా ప్రతి సభలోనూ చెబుతాం.

గబ్బిలం ఇంట్లో దూరితే కీడు అనే నమ్మకం మీద యుద్ధం ప్రకటించం. శాంతి చేయించుకునేవాళ్లు చేయించుకోవచ్చు, లైటు తీసేసి కిటికీ తెరిచి దాన్ని పోనిచ్చాక. ఏ పార్టీ జెండా కిందా నడవం. పల్నాట్లో ఆ మాట నిలబెట్టుకోవడం ఎంత కష్టమో తెలిసే రాస్తున్నాం. సిమెంటు కంపెనీల దగ్గర చందా తీసుకోం, పురుగుమందుల కంపెనీల దగ్గర అసలే తీసుకోం.

మొదటి పనులు

తొలి ఏకాదశికి గుత్తికొండ బిలం తిరునాళ్లకు వేలమంది వస్తారు. బ్రహ్మనాయుడు పల్నాటి యుద్ధం తర్వాత వెళ్లిపోయాడని చెప్పుకునే బిలం అది. ఆ రోజు లోపలికి పోవద్దని ఎవరికీ చెప్పం, చెప్పినా వినరు. ద్వారం దగ్గర మా వాళ్లు నిలబడి మాస్కులు పంచుతారు. నేల తడిపి ఉంచమని, బాణాసంచా లోపలికి తీసుకుపోనివ్వొద్దని, పక్క సందుల్లోకి జనం దూరకుండా తాడు కట్టమని నిర్వాహకులను ముందే అడుగుతాం. చంటిపిల్లల తల్లులను, స్టిరాయిడ్ మందులు వాడేవాళ్లను, హెచ్‌ఐవీ మందులు వాడేవాళ్లను పైనుంచే దండం పెట్టుకోమంటాం. ఎవరికి ఏ జబ్బుందో అడగం, బోర్డు మీద రాసిపెడతాం.

ఆ లోపు ఊరికొక పుస్తకం తెరవాలి. మీ ఊళ్లో గబ్బిలాలు ఎక్కడున్నాయి: చెట్టు, బురుజు, బావి, గుహ, గోపురం. సాయంత్రం బయటికొచ్చేటప్పుడు బయట నిలబడి లెక్కపెట్టండి, లోపలికి పోవద్దు, టార్చి కొట్టొద్దు. అక్కడ గత రెండేళ్లలో ఎవరు పని చేశారు, ఎవరు పెంట ఎత్తారు, వాళ్లెలా ఉన్నారు. బడిపిల్లలకు లెక్కింపు పని ఇవ్వండి, పెంట దగ్గరికి మాత్రం పంపొద్దు. జాగాల మట్టి నమూనా తీసే పని మాది కాదు, విశ్వవిద్యాలయాల వాళ్లది. ఉస్మానియా, నాగార్జున విశ్వవిద్యాలయాలకు ఉత్తరాలు రాశాక, పుస్తకాల్లో పెద్ద మందలున్న జాగాల పేర్లు వాళ్లకు పంపుతాం.

పత్తి, మిరప వేసే రైతుల్లో కావాలన్నవాళ్లు ఈ ఏడాది ఎన్నిసార్లు, ఏ మందు, ఎంత కొట్టారో రాసిపెట్టుకుంటారు. గబ్బిలాల జాగాకు దగ్గరున్న చేలకూ దూరమున్న చేలకూ తేడా ఉందా అన్నది రెండు మూడేళ్లకు గానీ తెలియదు. తేడా లేదని తేలితే అదీ అచ్చు వేస్తాం.

సభ్యత్వానికి రుసుము లేదు. ఊరి పుస్తకంలో ఒక్క జాగా అయినా మీ చేత్తో రాసి ఉంటే మీరు సభ్యులు. ఈ ప్రణాళిక ప్రతులు నరసరావుపేటలో కలెక్టరుకు, జిల్లా క్షయ నివారణ అధికారికి, అటవీ శాఖకు, గనుల శాఖకు, దేవాదాయ శాఖకు ఇస్తాం. రసీదు తీసుకుంటాం. మూడు నెలల్లో జవాబు రాకపోతే రసీదులు పట్టుకుని మళ్లీ వెళ్తాం, ఈసారి సున్నపు బట్టీల వాళ్లతో కలిసి.